గెలిపించిన గురువును మార్చాలా?

పిల్లలూ! కాసేపు ఒక సంగతి ఊహించుకుందాం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్ళ పిల్లలు తలా ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టారనుకోండి. కోరుట్ల జట్టుకు ఆట నేర్పే డ్రిల్లు సారు ఒకరున్నారు. ఆయన వచ్చి నాలుగేళ్ళయింది. ఆయన రాకముందు ఆ జట్టు పది ఆటలాడితే మూడు గెలిచేది. ఇప్పుడు ఆరు గెలుస్తున్నది. కాని కప్పు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. పైగా ఈ ఏడు వరసగా మూడు ఆటలు ఓడిపోయింది. మూడోది సిరిసిల్ల జట్టు చేతిలో, అదీ సొంత మైదానంలో, ఊరంతా చూస్తుండగా!

ఆ సాయంత్రం పిల్లలంతా వేపచెట్టు కింద చేరారు.

"సారును మార్చాలి. నాలుగేళ్ళయినా కప్పు లేదు" అన్నాడు ఒకడు.

"ఇదివరకు మూడే గెలిచేవాళ్ళం. ఆ సంగతి మరిచిపోయినవా?" అన్నది గోల్‌కీపరుగా ఉండే అమ్మాయి.

"అది పాత మాట. ఇప్పుడు ఓడుతున్నాం గదా!"

"మారిస్తే గెలుస్తామని నీకెట్లా తెలుసు?"

దీనికి ఎవరూ బదులు చెప్పలేకపోయారు.

మీరైతే ఏమంటారు? తొందరపడి చెప్పకండి. ఈ తగువు మన ఊళ్ళలోనే కాదు, ప్రపంచంలో ఫుట్‌బాల్ ఆడే ప్రతి చోటా ఉన్నదే. పెద్ద పెద్ద క్లబ్బులలో ఆటగాళ్ళను ఎంచి, వాళ్ళకు ఆట నేర్పి, ఎవరు ఎక్కడ ఆడాలో నిర్ణయించే మనిషిని మేనేజరు అంటారు. మనవాళ్ళు కోచ్ అంటారు. జట్టు గెలిస్తే పొగడ్తలన్నీ ఆటగాళ్ళకు, ఓడితే తిట్లన్నీ మేనేజరుకు! మరీ చేతగానివాణ్ణి మార్చటం తేలికే. బాగానే ఆడించే మనిషిని, "ఇంకా బాగా ఆడించేవాడు దొరుకుతాడేమో" అని మార్చవచ్చునా? అదీ చిక్కు ప్రశ్న.

దీనికి జవాబు వెతకటానికి ముందు, మన హైదరాబాదులోనే జరిగిన ఒక కథ చెపుతాను.

బడిపంతులు రహీం సాహెబు

సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన 1909లో పుట్టాడు. ఆయన వృత్తి బడిలో పాఠాలు చెప్పటం. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆటగాళ్ళంతా ఆయనను "రహీం సాహెబ్" అని పిలిచేవారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయనే గురువు.

ఆయన పాఠాలు వింతగా ఉండేవి. బంతిని కాలితో తిప్పుకుంటూ ఒంటరిగా పరుగెత్తకూడదు, అందగానే పక్కవాడికి అందించాలి అనే నియమంతో ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. వాటంలేని కాలితోనే ఆడాలని కూడా పోటీలు పెట్టేవాడు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితో తన్నాలన్నమాట! మొదట్లో అందరికీ నవ్వులాటగా ఉండేది. కాని కొన్నాళ్ళకు ఆ పిల్లలకు రెండు కాళ్ళూ సమానంగా ఆడేవి.

ఆ రోజులలో బొంబాయిలో రోవర్స్ కప్పు అనే పెద్ద పోటీ జరిగేది. హైదరాబాదు పోలీసులు ఆ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచారు. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును కూడా 1950లోనూ, 1954లోనూ తెచ్చారు. ఇంతకన్నా ఏం కావాలి?

తరువాత ఏమైంది? 1955లో రోవర్స్ కప్పు కలకత్తాలోని మోహన్ బగాన్ జట్టుకు పోయింది. 1956లో అదే ఊరి మహమ్మదన్ స్పోర్టింగ్ జట్టుకు పోయింది. ఆ రెండేళ్ళూ డ్యూరాండ్ కప్పు కూడా మనవాళ్ళకు రాలేదు.

పిల్లలూ, వేపచెట్టు కింది తగువు మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. వరసగా అయిదేళ్ళు గెలిచిన జట్టు రెండేళ్ళు ఊరికే తిరిగి వచ్చింది. "ఈయన పని అయిపోయింది, కొత్తవాణ్ణి తెద్దాం" అనటానికి ఇంతకంటె మంచి అదను ఉంటుందా? కాని రహీం సాహెబు స్థానం ఆయనకే ఉన్నది. 1957లో హైదరాబాదు పోలీసులు రోవర్స్ కప్పు, డ్యూరాండ్ కప్పు రెండూ గెలిచారు! ఆ జట్టుకే తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే పేరు వచ్చింది. 1961లో ఆ పేరుతో మళ్ళీ డ్యూరాండ్ కప్పు గెలిచింది.

పది గోళ్ళ ఓటమి

భారతదేశపు జట్టుకు కూడా రహీం సాహెబు గురువుగా ఉండేవాడు. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడే, 1952లో, హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా జట్టు మనమీద పది గోళ్ళు కొట్టింది. మనవాళ్ళు కొట్టింది ఒక్కటే!

ఇప్పుడు చెప్పండి. ఆ తప్పు ఎవరిది?

మన ఆటగాళ్ళలో చాలామంది ఆ రోజు బూట్లు లేకుండా, ఉత్త కాళ్ళతో ఆడారు. మన దేశంలో ఎండిన నేల మీద అట్లా ఆడటం వాళ్ళకు అలవాటు. ఫిన్లండు చల్లని దేశం, అక్కడి నేల తడి నేల. అవతలివాళ్ళు సామాన్యులా అంటే, ఆ ఒలింపిక్సులో వెండి పతకం గెలిచినవాళ్ళు. అంటే ఓటమికి కారణాలు ఒకటి కాదు, అనేకం ఉన్నాయి. మన ఫుట్‌బాల్ సంఘం వాటిలో ఒకదాన్ని సరిగా పట్టుకున్నది. ఇకమీదట అందరూ బూట్లు తొడిగే ఆడాలని నియమం పెట్టింది.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళిన జట్టుకు రహీం సాహెబే గురువు. మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలుకు చేరింది. అక్కడ ఎదురుపడింది ఎవరనుకున్నారు? మళ్ళీ యుగోస్లావియాయే! ఈసారి మొదటి గోలు మనవాళ్ళే కొట్టారు. చివరకు 1-4తో ఓడిన మాట నిజమే. కాని పదికీ నాలుగుకూ తేడా చూడండి. ఆ ఒలింపిక్సులో మనకు నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాలులో మన దేశం ఇంతవరకు అంతకంటె పైకి పోలేదు.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. అప్పటికే రహీం సాహెబు ఊపిరితిత్తుల కాన్సరుతో బాధపడుతున్నాడు. అయినా ఆయన జట్టును వదలలేదు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నయిల్ సింగును రక్షణ వరుసలో నుంచి తీసి, ముందు వరుసలో ఆడించాడు. ఫైనలులో ఎదురైంది మళ్ళీ దక్షిణ కొరియాయే. పి. కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నయిల్ సింగే ఇంకొక గోలు కొట్టగా, మనవాళ్ళు 2-1తో బంగారు పతకం గెలిచారు. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే.

మరుసటి ఏడు, 1963 జూన్ 11న, రహీం సాహెబు కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో ఆ తరువాత మనకు మళ్ళీ బంగారు పతకం రాలేదు.

"అయితే సరే, గురువును ఎన్నడూ మార్చకూడదు" అంటారా? ఆగండి. ఒక్క కథతో శాస్త్రం తేలదు. 1957లో ఇంకొకరు గురువుగా ఉన్నా ఆ కప్పులు వచ్చేవేమో! మరి దీన్ని ఎట్లా తేల్చుకోవటం? దానికి మీ ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు.

చింతగింజలు చెప్పే రహస్యం

అష్టాచెమ్మ ఆడటానికి చింతగింజలను ఒక పక్క అరగదీస్తారు గదా! అటువంటివి నాలుగు తీసుకోండి. వాటిని గిలకరించి నేలమీద వేయండి. ఎన్ని తెల్లగా పడ్డాయో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. రెండుగాని, అంతకంటె ఎక్కువగాని పడితే "గెలుపు" అనుకోండి. ఒకటి పడినా, ఏదీ పడకపోయినా "ఓటమి" అనుకోండి.

ఓటమి వచ్చినప్పుడల్లా, దాని వెంటనే వేసిన పందెంలో ఏమి పడిందో గుర్తుపెట్టండి. ఇట్లా వంద పందాలు వేయండి. ఓటమి తరువాత ఎక్కువసార్లు గెలుపే రావటం చూస్తారు.

ఇప్పుడు మళ్ళీ వంద పందాలు వేయండి. ఈసారి ఓటమి వచ్చినప్పుడల్లా గింజలు మీ అక్కకో, తమ్ముడికో ఇవ్వండి. అంటే మేనేజరును మార్చారన్నమాట! కొత్త చెయ్యి వేసినప్పుడు ఏమవుతుంది? ఎక్కువసార్లు గెలుపే వస్తుంది. "చూశావా, నా చెయ్యి మంచిది!" అని మీ తమ్ముడు గంతులు వేస్తాడు. కాని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. చెయ్యి మార్చినా మార్చకపోయినా లెక్క దాదాపు ఒకటే!

ఎందుకట్లా? గింజలకు బదులు నాలుగు రూపాయి బిళ్ళలు తీసుకుంటే లెక్క తేలిక. నాలుగు బిళ్ళలు పడే తీరులు మొత్తం 16. బొమ్మ ఒక్కటీ పడని తీరు 1, ఒకే బొమ్మ పడే తీరులు 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, నాలుగూ పడేది 1. అంటే 16లో 11 గెలుపులు, 5 ఓటములు. ఇందాక ఓడిన సంగతి బిళ్ళలకు గుర్తుండదు. అందుచేత ఓటమి తరువాత కూడా 16కు 11 గెలుపులే ఎదురుచూడాలి. చింతగింజ రెండు పక్కలా సమంగా పడదు కనుక లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. కాని రహస్యం అదే.

మరీ చెడ్డ పందెం తరువాత వచ్చేది మామూలుకు దగ్గరగా ఉంటుంది. మరీ మంచి పందెం తరువాత వచ్చేదీ అంతే. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1886లో ఇటువంటి సంగతే మనుషుల పొడవులలో కనిపెట్టాడు. బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు పొడుగ్గానే ఉంటారు. కాని సగటున తల్లిదండ్రులంత పొడుగు ఉండక, కొంచెం మామూలువైపుకు జరుగుతారు.

మరి ఫుట్‌బాల్ చింతగింజల ఆట కాదు గదా? కాదు. అందులో నేర్పు ఉంది, శ్రమ ఉంది. కాని అదృష్టం కూడా ఉంది. బంతి గోలు కర్రకు తగిలి లోపలికి పోవచ్చు, బయటికీ రావచ్చు. మూడు ఆటలలో అదృష్టం పెద్దగా కనిపిస్తుంది. ముప్ఫై ఆటలు లెక్కకట్టితే నేర్పు బయటపడుతుంది. క్లబ్బులవాళ్ళు మేనేజరును మార్చేది ఎప్పుడు? వరసగా ఓడినప్పుడు. అంటే చెడ్డ పందెం పడిన మరుక్షణంలో! ఆ తరువాత జట్టు కోలుకుంటే పేరు కొత్తవాడికి వస్తుంది.

ఇది ఉత్త ఊహ కాదు. బాస్ టెర్ వేల్ అనే డచ్చి ఆర్థికశాస్త్రవేత్త తన దేశపు ఫుట్‌బాల్ క్లబ్బుల లెక్కలను 1986 నుంచి 2004 దాకా తీసి చూశాడు. మేనేజరును మార్చిన జట్లు తరువాత మెరుగుపడిన మాట నిజమే. కాని అదేవిధంగా ఓడుతూ కూడా మేనేజరును మార్చని జట్లు అంతగానూ మెరుగుపడ్డాయి! మీ చింతగింజల కాగితాలు రెండూ ఇదే చెప్పాయి గదా?

మార్చి చెడినవారు, మార్చి గెలిచినవారు

ఇంగ్లండులో చార్ల్‌టన్ అనే క్లబ్బు ఉంది. అలన్ కర్బిష్లీ అనే ఆయన 1991 నుంచి 2006 దాకా, పదిహేనేళ్ళు, దాన్ని నడిపాడు. చిన్న క్లబ్బును పెద్ద తరగతిలోకి తెచ్చి అక్కడ నిలబెట్టాడు. కప్పులు తేలేదు గాని, ఏటేటా పరువుగా మధ్యలో ఉండేది. 2006లో ఆయనా క్లబ్బూ విడిపోవాలని నిర్ణయించుకున్నారు. తరువాతి ఒక్క ఏడాదిలోనే ముగ్గురు మేనేజర్లు మారారు. 2007లో ఆ జట్టు కింది తరగతికి జారిపోయింది.

ఇక రెండో వైపు చూడండి. లండన్‌లోని చెల్సీ క్లబ్బు 2021 జనవరిలో ఫ్రాంక్ లాంపార్డును తీసివేసింది. అంతకుముందు ఏడు ఆయన జట్టును నాలుగో స్థానంలో నిలిపాడు, అంటే బాగానే ఆడించినట్టు లెక్క. అయినా మార్చారు. కొత్తగా వచ్చిన థామస్ టుకెల్ నాలుగు నెలల్లో యూరప్ ఛాంపియన్ కప్పు తెచ్చాడు!

మన హైదరాబాదులోనూ ఇటువంటిది జరిగింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. మొదటి ఏడు ఇండియన్ సూపర్ లీగులో అన్నిటికన్న అడుగున నిలిచింది. 2020లో స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆ ఏడు అయిదో స్థానం, మరుసటి ఏడు, 2022 మార్చి 20న, ఏకంగా కప్పు! 2023లో ఆయన వెళ్ళిపోయాక జట్టు మళ్ళీ అడుగుకు పడింది. అయితే ఆ పతనానికి ఆయన లేకపోవటం ఒక్కటే కారణం అనకూడదు. అప్పుడు క్లబ్బుకు డబ్బు ఇబ్బందులు వచ్చాయి, మంచి ఆటగాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. రెండు మూడు కారణాలు కలిసి వచ్చినప్పుడు ఒకదాని మీదే నింద వేయటం శాస్త్రం కాదు.

ఇంతకూ మార్చాలా, వద్దా?

సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేయటం చూశారా? పోగులు మాటిమాటికీ తెగుతుంటే తెలిసిన ఆసామి ఏం చేస్తాడు? నేసేవాణ్ణి వెంటనే పొమ్మంటాడా? ముందు నూలు గట్టిదా కాదా అని చూస్తాడు. సాంచెలో ఏ భాగమైనా అరిగిందా అని చూస్తాడు. ఆ తరువాతనే నేసేవాని చేతిపని చూస్తాడు. నూలే చెడ్డదయితే, మనిషిని మార్చినా పోగు తెగుతూనే ఉంటుంది.

జగిత్యాల మామిడితోటలవాళ్ళను అడగండి. నిరుడు విరగకాసిన చెట్టు ఈ ఏడు తక్కువ కాయవచ్చు. అది చెట్టు స్వభావం. ఒక్క ఏటి కాపు చూసి ఎవరూ గొడ్డలి ఎత్తరు. కాని ఏళ్ళతరబడి కాయక, కొమ్మలు ఎండుతున్నా ఊరుకుంటే అదీ తెలివి కాదు.

అందుచేత గురువును మార్చేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి: మనం లెక్కపెట్టింది మూడు ఆటలా, మూడేళ్ళా? రెండు: ఓటమికి కారణం ఆయన చేతిలో ఉన్నదా, మరెక్కడైనా ఉన్నదా? మూడు: ఆయనకు బదులు వచ్చేది ఎవరు, వచ్చి ఏం మారుస్తారు? ఈ మూడింటికీ సరయిన జవాబులు ఉంటే, మంచి గురువునైనా మర్యాదగా మార్చవచ్చు. లేకపోతే అది కోపం మాత్రమే, ఆలోచన కాదు.

ఆ కోపానికి ఒక మనిషి బలి అవుతాడు, అది మరిచిపోకండి. నాలుగేళ్ళ కష్టం మూడు సాయంత్రాలలో కొట్టుకుపోతే ఆయన మనసు ఎట్లా ఉంటుంది?

ఇక మన కోరుట్ల పిల్లల దగ్గరికి వెళదాం. గోల్‌కీపరు అమ్మాయి ఇంటినుంచి ఒక నోటుబుక్కు తెచ్చింది. ప్రతి ఆటలోనూ గోళ్ళు ఎన్నో నిమిషంలో పడ్డాయో అందులో రాసిపెట్టుకున్నది. అందరూ తలలు దగ్గరపెట్టి చూశారు. ఓడిన మూడు ఆటలలోనూ వాళ్ళమీద పడిన గోళ్ళలో ఒకటి తప్ప అన్నీ చివరి పది నిమిషాలలోనే పడ్డాయి!

"అప్పటికి మనకు ఆయాసం వస్తున్నది" అన్నాడు ఒకడు మెల్లగా.

"తెల్లవారి పరుగుకు రమ్మని సారు రోజూ చెప్పిండు. మనలో వచ్చినవాళ్ళు ఎంతమంది?" అన్నది ఆ అమ్మాయి.

ఇందాక "సారును మార్చాలి" అన్నవాడు తల దించుకున్నాడు. అతను ఒక్కరోజు కూడా పోలేదు మరి!

చివరికి వాళ్ళొక నిర్ణయానికి వచ్చారు. ఇంకొక ఇరవై ఆటలు రాసి చూద్దాం. అందరం తెల్లవారి పరుగుకు వెళదాం. అప్పటికీ జట్టు ఇట్లాగే ఉంటే, సారు ముందే కూర్చుని ఈ మాట అడుగుదాం, వెనక కాదు.

వాళ్ళకు కప్పు వస్తుందా? అది చెప్పటం ఎవరి తరమూ కాదు. అవతలి జట్లవాళ్ళు కూడా తెల్లవారుజామున పరుగెత్తుతూ ఉండవచ్చు గదా! కాని ఈసారి ఓడినా, ఎందుకు ఓడారో వాళ్ళకు తెలుస్తుంది.

మీరూ నాలుగు చింతగింజలు తీసి పరీక్ష చేసి చూడండి. ఆ తరువాత మైదానానికి వెళ్ళి, రహీం సాహెబు పిల్లల మాదిరి, వాటంలేని కాలితో ఒక ఆట ఆడండి. మొదట పదిసార్లు బంతి ఎటో పోతుంది. ఆ పది తన్నులు చూసి మీ కాలిని మార్చమనకండి సుమా!